డిసెంబరాలకు గుండు కొట్టిన రోజు

నా చిన్నప్పుడు నేనొక పూలమొక్కల వరసను చూసి ఏడ్చేదాన్ని. కన్నీళ్ళు పెట్టుకుని కాదు. మనవాళ్ళు "పక్కింటివాళ్ళను చూసి ఏడుస్తోంది" అంటారే, ఆ ఏడుపు. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ గోడ మీంచి అటు చూడగానే మొదలయ్యేది, రాత్రి కంచం ముందు కూర్చునేదాకా ఉండేది. మనుషుల మీద కత్తి కట్టినవాళ్ళను చాలామందిని చూశాను గానీ, డిసెంబరం మొక్కల మీద కత్తి కట్టినదాన్ని నన్నొక్కదాన్నే చూశాను. కత్తి అని ఊరికే అన్నాను, నా చేతిలో ఉన్నది కత్తెర. ఆ సంగతే చెప్పబోతున్నాను.

అవి తొంభైల రోజులు. దువ్వాడ స్టేషను దగ్గర ఆరు వాటాల వరస ఇంట్లో చివరి నుంచి రెండోది మాది. నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసేవారు, షిఫ్టు బస్సు మా సందు మొగలోనే ఆగేది. మేము గోదావరి జిల్లా వాళ్ళం. మా అమ్మ పుట్టి పెరిగింది కాలవ గట్టు మీద. అక్కడ మొక్కలకు నీళ్ళు పోయడం ఒక పని కాదు, ముఖం కడుక్కున్నంత అలవాటు. చెంబు ముంచడం, పోయడం. అమ్మ ఆ అలవాటును పెట్టె బేడాతో పాటు దువ్వాడకు మోసుకొచ్చింది. ఊరెళ్ళినప్పుడల్లా కడియం నర్సరీల నుంచి నాలుగు గులాబీ మొక్కలు తెచ్చేది. రైల్లో ఒళ్ళో పెట్టుకుని, పక్కవాళ్ళ మోచెయ్యి తగలకుండా చూసుకుంటూ తెచ్చేది. పొద్దునో చెంబుడు, సాయంత్రమో చెంబుడు, పిల్లలకు పాలు పట్టినట్టు పోసేది.

చలికాలమంతా ఆ గులాబీలు బాగానే నవ్వేవి. శివరాత్రి వెళ్ళి ఎండ ముదిరేసరికి మా వీధి కుళాయి గంట కాస్తా అరగంట అయ్యేది, అరగంట కాస్తా ఒక దగ్గు, రెండు తుమ్ములు అయ్యేది. బియ్యం కడిగిన నీళ్ళు, ముఖం కడిగిన నీళ్ళు అన్నీ గులాబీలకే పోసినా చాలేవి కావు. ఉగాదికల్లా కుండీల్లో ముళ్ళపుల్లలు మిగిలేవి. అమ్మ వాటి ముందు కూర్చుని "ఈ మట్టికి దయ లేదమ్మా" అని నిజంగానే కళ్ళు తుడుచుకునేది. ఆ ఏడుపు చూస్తే నాకు కోపం వచ్చేది. మట్టి మీద కాదు, గోడ అవతలివాళ్ళ మీద. ఎందుకంటే అదే ఎర్రమట్టిలో, అదే కుళాయి కింద, చివరి వాటా వాళ్ళ వాకిలి పూలతో కిటకిటలాడేది.

ఆ చివరి వాటాలో ఒక మామ్మ, ఆవిడ కొడుకు, మనవరాలు ఉండేవారు. మామ్మది సముద్రం ఒడ్డున చేపలు పట్టే ఊరు. కొడుక్కి ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని దొరికితే కూడా వచ్చింది. మనవరాలికి తల్లి లేదు, చిన్నతనంలోనే పోయింది. ఆ పిల్ల నాకన్నా రెండేళ్ళు పెద్ద. నేను పక్కింటి అక్క అనేదాన్ని. అక్క అని నోటితో అనేదాన్ని, మనసులో ఏమనుకునేదాన్నో ఇక్కడ రాయలేను.

మామ్మ మొక్కల దగ్గర గారాలు ఉండేవి కావు. పగిలిపోయిన పసుపుపచ్చ ఫ్యాక్టరీ హెల్మెట్లు బోర్లించకుండా నేల మీద పెట్టి, వాటి నిండా బిళ్ళగన్నేరు పెంచేది. గేటు మీదికి కాగితంపూల తీగ ఎక్కించింది. ఇక మా గోడ వెంబడి ఏడు డిసెంబరం మొక్కలు. కొన్ని ఊదా, కొన్ని తెలుపు మీద గులాబి చార. వాటికి ఆవిడ నీళ్ళు పోయడం నేను వారానికి ఒక్కసారి చూసేదాన్ని, అదీ చేపలు కడిగిన నీళ్ళు. ఆ వాసనకు అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి పోయేది. అయినా డిసెంబరు వచ్చిందంటే ఆ ఏడు మొక్కలు ఆకు కనపడకుండా పూసేవి. మా అమ్మ రోజుకు రెండు పూటలా పోసినా గులాబీలు చావడమేమిటి, ఆవిడ వారానికోసారి కంపు నీళ్ళు పోస్తే పూయడమేమిటి? ఎక్కడో మోసం ఉందని నాకు గట్టి నమ్మకం. మేము బడికి పోయాక కుళాయికి గొట్టం తగిలించుకుంటుందని కూడా ఊహించాను. ఒకరోజు కడుపునొప్పి అని బడి మానేసి కాపు కాశాను కూడా. గొట్టమూ లేదు, ఏమీ లేదు. ఆవిడ ఆ పూటంతా గుమ్మంలో కూర్చుని వల కుడుతోంది.

ఇంతవరకైతే అది పిల్లచేష్టగా పోయేది. కానీ ఆ ఏడాది వేసవిలో నాకు టైఫాయిడ్ వచ్చింది. ప్రాణం దక్కితే తలనీలాలు ఇస్తానని అమ్మ సింహాద్రి అప్పన్నకు మొక్కుకుంది. నా జుట్టు నడుము దాకా ఉండేది. జ్వరం తగ్గగానే సింహాచలం తీసుకెళ్ళి గుండు చేయించారు. కొండ దిగేటప్పుడు మెడ మీద గాలి చల్లగా తగిలితే తడుముకుని చూసుకున్నాను, ఏమీ లేదు. నాకు ఏడుపు రాలేదు. అమ్మ నా నున్నటి తల మీద గంధం రాసి ముద్దు పెట్టుకుంది కాబట్టి ఫరవాలేదనుకున్నాను.

ఫరవాలేదనుకున్నది పొరపాటు. రోజూ పొద్దున అమ్మ గుమ్మంలో పీట వేసుకుని నాకు జడ వేసేది. మాకు ఇద్దరికీ అదే కబుర్ల వేళ. నా జుట్టు పోయాక ఆ పీట, ఆ దువ్వెన, ఆ పది నిమిషాలు ఖాళీ అయ్యాయి. ఒకరోజు మామ్మ గోడ దగ్గరికి వచ్చి, తన చేతులకు వణుకు వస్తోందని, పిల్లకు జడ సరిగ్గా కుదరడం లేదని అమ్మతో అంది. అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"అదెంత పని మామ్మగారూ! రోజూ ఇటు పంపించెయ్యండి. నాకూ చేతులు ఊరుకోవడం లేదు."

మర్నాటి నుంచి నా పీట మీద అక్క. అమ్మ మోకాళ్ళ మధ్య అక్క. అమ్మ కబుర్లన్నీ అక్కకి. నేను తువ్వాలుతో తల తుడుచుకుని, బల్లిలా గోడకు అంటుకుని నిలబడి చూసేదాన్ని. డిసెంబరు వచ్చేసరికి నా తల మీద మిరియాలు పరిచినంత జుట్టు మొలిచి, ఆ పైన కాస్త సాగి ముళ్ళపందిలా నిలబడింది. అక్క ఒడినిండా డిసెంబరాలు తెచ్చేది. ఒకరోజు అమ్మ వాటిని దారంతో దండ కట్టి, నల్లగా నిగనిగలాడే ఆ జడ పొడుగునా కుట్టి, కాస్త వెనక్కి జరిగి చూసి, "ఈ తలకే పుట్టాయమ్మా ఈ పూలు" అంది. నేను దువ్వెన పట్టుకుని వెళ్ళి ముందు నిలబడ్డాను. అమ్మ నవ్వి, "నీకేముందే, చేత్తో తుడిస్తే చాలు" అని నిజంగానే చేత్తో తుడిచింది.

అమ్మ హాస్యానికే అంది. నాకు మాత్రం ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది.

ఆ ఆదివారం మామ్మా, అక్కా వాళ్ళ ఊళ్ళో పెళ్ళికి వెళ్ళారు. నాన్నా, మామ్మ కొడుకూ డ్యూటీలో ఉన్నారు. భోజనాలయ్యాక అమ్మ నిద్రపోయింది. గులాబీ కొమ్మలు కత్తిరించే కత్తెర ఒకటి అమ్మ దగ్గరుండేది, ఎర్ర పిడులది, అది కూడా కడియంలో కొన్నదే. నేను అది తీసుకుని గోడ దూకాను. మొదటి కొమ్మ కోసే ముందు మా గుమ్మం వైపు తిరిగి చూశాను. రెండో కొమ్మకు తిరగలేదు. మూడో మొక్కకు వచ్చేసరికి, ఇప్పుడు చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, హాయిగా ఉంది. పూలూ మొగ్గలూ ఆకులూ అని చూడలేదు. ఏడింటినీ మోకాలెత్తుకు ఎడాపెడా నరికి కుప్ప పోశాను. కత్తెర కడిగి, తుడిచి, యథాస్థానంలో పెట్టి, అమ్మ పక్కన పడుకుని నిద్ర నటించాను. నటిస్తూ నటిస్తూ నిజంగానే నిద్రపోయాను. పాపం చేసినవాళ్ళకు నిద్రపట్టదంటారు, అదంతా వట్టిమాట.

సాయంత్రం అక్క అరుపుకి లేచాను. వరసలోని వాళ్ళందరూ పోగయ్యారు. అక్క ఆ కుప్ప మీద పడి వెక్కివెక్కి ఏడుస్తోంది. అమ్మ పరుగున గోడ చుట్టూ తిరిగి వెళ్ళి అక్కను ఒళ్ళోకి లాక్కుంది. చూశారా, నేను అమ్మ ఒళ్ళోంచి ఆ పిల్లను లేపుదామని ఇంత చేస్తే, ఆ పిల్ల తిన్నగా అక్కడికే వెళ్ళి కూర్చుంది. ఎవరో టీకొట్టు వాళ్ళ మేక పని అన్నారు. దాన్ని కట్టెయ్యరని ఇంకొకరు, రేపు వెళ్ళి నిలదీద్దామని మరొకరు. ఏ మేకైనా కొమ్మలు కోసి, ఒక్క ఆకు కూడా తినకుండా కుప్ప పోసి పోతుందా? ఆ ప్రశ్న అక్కడ ఒక్కరికీ తట్టలేదు. నేను మాత్రం దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను.

మామ్మ వంగి ఒక కొమ్మ తీసింది. దాని కొసను బొటనవేలితో తడిమింది. తలెత్తి గోడ ఇవతలికి, నా ముళ్ళపంది తలవైపు ఒకసారి చూసింది.

"మేకేలే," అంది. "ఒగ్గీండి. మేక మీదకి తగువుకెల్తారేటి?"

మర్నాడు పొద్దున నేను త్వరగా లేచి పీట మీద కూర్చున్నాను. పూలు లేవు కాబట్టి అక్క రాదు అనుకున్నాను. వచ్చింది. దువ్వెనా, రిబ్బన్లూ పట్టుకుని, ఉబ్బిన కళ్ళతో వచ్చింది. అమ్మ నన్ను జరగమంది. పూలు లేని జడ వెయ్యడానికి అమ్మకు రోజూ కంటే ఎక్కువసేపు పట్టింది. అక్క తల వెనక్కి వాల్చి, అమ్మ మోకాలికి ఆనించి కళ్ళు మూసుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, రోజూ అలాగే మూసుకునేది. ఇన్నాళ్ళూ నేను జడనే చూశాను, ముఖం చూడలేదు. ఆ పిల్ల పూల కోసం మా గుమ్మానికి రావడం లేదు. ఆ సంగతి తెలియగానే నా అసూయ చల్లారిందని రాస్తే మీరు సంతోషిస్తారు గానీ, అబద్ధం అవుతుంది. మంట మంటే. కాకపోతే ఆ కత్తెర ఉన్న వైపు చూడడం మానేశాను.

రెండు రోజులు పోయాక, అక్క బడి నుంచి ఇంకా రాని వేళ, మామ్మ గోడ దగ్గర నుంచి పిలిచింది.

"ఓ గుంటా! మీ యమ్మ గులాబీల కత్తెర ఓపాలి అట్టుకురా."

కత్తెర పట్టుకుని వెళ్ళాను. ఆవిడ నన్ను మొండి మొక్కల ముందు కూర్చోబెట్టి, నేను కోసిన కొసలు చూపించింది. ఏటవాలుగా, నున్నగా ఉన్నాయి.

"సూసినావా, మేక ఎంత సక్కగా కోసిందో. మీ గోదారి మేకలకి కత్తెరట్టడం వచ్చేటి?"

నేను భోరుమన్నాను. అమ్మకు చెప్పొద్దని ఆవిడ కాళ్ళు పట్టుకోబోయాను. ఆవిడ నా రెక్క పట్టుకుని లేవనెత్తింది.

"నానెందుకు సెప్తాను? ఇది సెప్పు. నీ తల ఎందుకు గొరిగించినారు?"

"జొరం వచ్చిందని. మొక్కుకున్నారు."

"జుత్తు పోయిందని మీ యమ్మ ఏడిసిందేటి?"

"లేదు. మళ్ళీ ఒత్తుగా వస్తుందంది."

"ఇదీ అంతే. నువ్వు సామికి సెప్పకుండా నా మొక్కలకి గుండు కొట్టీసినావు. కొడితే కొట్టినావు, సమంగానైనా కొట్టలేదు. ఇక్కడ మూరెడు, అక్కడ జానెడు. ఎవలైనా సూత్తే నవ్వుతారు. కూకో, సరిగ్గా గొరుగు."

ఏడుస్తూనే ఏడు మొక్కలనూ ఒక్క ఎత్తుకు కత్తిరించాను. ఆవిడ పక్కన కూర్చుని ఇక్కడ, ఇంకొంచెం కింద అని వేలితో చూపించింది. రెండేళ్ళ కిందటే కొయ్యాల్సింది, మొక్కలు ఏపుగా పెరిగిపోయి కాళ్ళు బోసిపోయాయి, మనవరాలు పూలు పోతాయని ఏడిస్తే వదిలేశానని ఆవిడే చెప్పింది. అప్పుడు నా ముఖంలో ఏదో వెలుగు కనిపించి ఉంటుంది. వెంటనే వేలెత్తింది.

"మొక్కకి మంచే జరిగినాది. అందుకని నువ్వు మంచి పని సేసినావనుకోకు. దాని ఏడుపు నాను సూసినాను, నువ్వూ సూసినావు."

ఆ మాట అన్నప్పుడు మామ్మ గొంతు మామూలుగానే ఉంది. తిట్టి ఉంటే బాగుండేదని నాకు చాలాసార్లు అనిపించింది.

తర్వాత శిక్ష చెప్పింది. కుప్పలోంచి ముదురు కొమ్మలు ఏడు ఏరి ఇచ్చి, మా వైపు గోడ వెంబడి నాటమంది. మొదటి పదిహేను రోజులు మట్టి తడి ఆరకుండా చూడాలి. ఆ తర్వాత వారానికి ఒక్కసారి, పోస్తే నిండుగా, లోపలికి దిగేలా పోయాలి. మధ్యలో చుక్క పోయకూడదు. వచ్చే డిసెంబరుకు నా జడ ముందొస్తుందో ఆ కొమ్మలకు పువ్వు ముందొస్తుందో పందెం అంది. అమ్మతో మాత్రం, కొమ్మలు పారేయడం ఎందుకని పిల్లకు ఇచ్చానని చెప్పింది.

ఇక్కడ నా బుద్ధి చూడండి. ఇంటికి వచ్చి ఆలోచించాను. నేను చేసింది ఆవిడకు తెలుసు. ఆవిడ మొక్కలు నరికినదానికి ఆవిడ మంచి సలహా ఎందుకు ఇస్తుంది? నా కొమ్మలు ఎండిపోవాలనే నీళ్ళు పోయొద్దంటోంది. నేనేమైనా తెలివితక్కువదాన్నా? గోదావరి నీళ్ళు తాగి పుట్టినదాన్ని. పదిహేను రోజులైనా ఆపకుండా, అమ్మలాగే పొద్దునో చెంబుడు, సాయంత్రమో చెంబుడు పోశాను. మామ్మ చూడకుండా, ఆవిడ స్నానానికి వెళ్ళిన వేళ చూసి పోశాను.

శివరాత్రి నాటికి ఆరు కొమ్మలు మొదలు నల్లబడి పడిపోయాయి. ఏడోది స్నానాలగది వెనక గుచ్చి, అక్కడ తేళ్ళుంటాయని భయపడి అటు పోవడమే మానేశాను. అది మాత్రం రెండు జతల కొత్త ఆకులు వేసుకుని నిలబడి ఉంది. నాకు ఆ ఒక్కటి కనపడలేదు, ఆరే కనపడ్డాయి. చచ్చిన కొమ్మలు గుప్పిట్లో పట్టుకుని మామ్మ మీదికి వెళ్ళాను. కావాలనే చచ్చుకొమ్మలు ఇచ్చావు, మీ అక్కకే పూలు ఉండాలి, నాకు ఉండకూడదు అని అరిచాను. మీ అక్క అన్నాను, ఆ కోపంలో.

మామ్మ ఒక కొమ్మ తీసుకుని వాసన చూసింది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టింది, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా.

"ఓలమ్మ, మునిగిపోయినాది! సంద్రంలో మునిగినోళ్ళని సూసినాను గానీ, సెంబుడు నీళ్ళల్లో మునిగినోళ్ళని ఇప్పుడే సూత్తన్నాను."

స్నానాలగది వెనక్కి తానే నడిచి, బతికిన కొమ్మ పక్కన మట్టిని వేళ్ళతో మెల్లగా తవ్వింది. నా మధ్యవేలంత పొడుగు తెల్లటి వేరు తిన్నగా కిందికి దిగి ఉంది. ఆవిడ అప్పుడు చెప్పింది. వాళ్ళ ఊళ్ళో అంతా ఇసక. పోసిన నీళ్ళు కళ్ళు మూసి తెరిచేలోగా ఇంకిపోతాయి, పైగా ఉప్పుగాలి. అక్కడ మొక్కను నీళ్ళకు అలవాటు చెయ్యరు, వెతుక్కోవడానికి అలవాటు చేస్తారు.

"నీళ్ళు పైనే దొరికితే ఏరు కిందకెందుకెల్తాది, గుంటా? దానికేటి పిచ్చా?"

అమ్మ గోడ దగ్గర నిలబడి ఇదంతా విన్నది. "ఆయ్, నిజమే మామ్మగారూ" అని తల కూడా ఊపింది. ఊపి, వెనక్కి తిరిగి, చెంబు ముంచి గులాబీలకు పోసింది. అలవాటు అంటే అదీ.

ఆ వేసవి నాకు బాగా గుర్తు. కుళాయి పూర్తిగా బందైంది. ట్యాంకరు వస్తే బిందెలు, గొడవలు, జుట్లు పట్టుకోవడాలు, పట్టుకోవడానికి నా జుట్టు ఇంకా చాలదనుకోండి. అమ్మ గులాబీలు మామూలుగా పోయాయి. నా డిసెంబరం కొమ్మ మధ్యాహ్నం అయ్యేసరికి ఆకులు వేలాడేసేది. నేను చెంబు పట్టుకుని దాని ముందు నిలబడి తన్నుకులాడేదాన్ని. మామ్మ గుమ్మంలోంచి అరిచేది.

"సాయంత్రం దాకా ఆగి సూడు. ఎండకి వాలితే సాయంత్రానికి లేస్తాది. సాయంత్రం కూడా లేవకపోతే అప్పుడు దాహం. అప్పుడు పొయ్యి, కడుపునిండా పొయ్యి."

సాయంత్రానికి ఆకులు లేచేవి. ప్రతి రోజూ లేచేవి. పదేళ్ళ పిల్లకు ఒక చెంబు నీళ్ళు చేతిలో పెట్టుకుని పోయకుండా ఆగడం ఎంత కష్టమో ఆ వేసవి నేర్చుకున్నాను. ఆ రోజుల్లోనే ఇంకో సంగతి కూడా గమనించాను. పొద్దున అక్క పీట మీద కూర్చోగానే నా కడుపులో ఏదో వాలిపోయేది. సాయంత్రానికి ఇద్దరం తొక్కుడుబిళ్ళ ఆడుకుంటుంటే అది గుర్తు కూడా ఉండేది కాదు. రోజూ కాదు. కొన్ని రోజులు సాయంత్రానికి కూడా లేచేది కాదు. అలాంటి రోజు వెళ్ళి అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పడుకునేదాన్ని. అమ్మ ఏమీ అడగకుండా మొలుస్తున్న జుట్టులోకి వేళ్ళు పోనిచ్చేది. అలా వెళ్ళి అడిగితే దొరుకుతుందని నాకు అంతవరకూ తెలియదు. అడగకుండా పక్కవాళ్ళది నరకడమే తెలుసు.

మళ్ళీ డిసెంబరు వచ్చింది. మామ్మ మొక్కలు ఏడూ గుబురుగా, నేల నుంచి కొస దాకా పూశాయి. వరసలోని వాళ్ళందరూ వచ్చి చూసి పోయారు. టీకొట్టు మేక నోరు మంచిదని ఒకావిడ అంది. మామ్మ అవునవునంది. నా ఒంటరి మొక్క నడుమెత్తు కూడా లేదు, మొదటి రోజు పదకొండు పూలు పూసింది. నా జుట్టు భుజాలు తాకింది. పందెం ఎవరూ గెలవలేదు.

ఆ పొద్దున నేను నా పదకొండు పూలు కోసుకుని గుమ్మంలోకి వచ్చేసరికి అక్క అప్పటికే పీట మీద ఉంది. నా లోపల మళ్ళీ పాత మంట లేవబోయింది. అంతలో అక్క తన ముందు నేల మీద చేత్తో తట్టి, "రా, కూకో" అంది. అమ్మ ముందు అక్క, అక్క ముందు నేను, రైలుపెట్టెల్లా కూర్చున్నాం. అమ్మ అక్కకు జడ వేస్తోంది, అక్క నాకు వేస్తోంది. రెండు పిలకలకు మించి రాని జుట్టును అక్క ఎంతో ఓపికగా పాయలు తీసింది. నా పదకొండు పూలు చాలకపోతే తన ఒడిలోని పూలు తీసి కలిపింది. నేను సంతోషం పట్టలేక అటూ ఇటూ కదులుతున్నాను. అక్క నా చెవి దగ్గరికి వంగింది. అమ్మకు వినపడకుండా, చాలా మెల్లగా అంది.

"ఓసి మేకా, కదలకు."

నేను రాయిలా బిగుసుకుపోయాను. మామ్మ చెప్పలేదు, అది నాకు ఖాయంగా తెలుసు. కుప్ప మీద పడి ఏడ్చినప్పుడే ఆ నున్నటి కొసలు తనూ చూసి ఉంటుంది, మొదటి రోజు నుంచే అక్కకు తెలుసు. తెలిసి ఏడాదంతా నాతో తొక్కుడుబిళ్ళ ఆడింది. తెలిసి మా అమ్మకు ఒక్క ముక్క చెప్పలేదు. నేను వెనక్కి తిరిగి చూడలేకపోయాను. కళ్ళ నీళ్ళు గౌను మీద పడుతుంటే, పూలు చూసుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. ద్వారకా నగర్లో మూడో అంతస్తు, బాల్కనీలో అయిదు డిసెంబరం కుండీలు. పూలు అయిపోగానే వాటిని మోకాలెత్తుకు కత్తిరిస్తే ఎదురు ఫ్లాటు ఆవిడ అయ్యో అయ్యో అంటుంది. మామ్మ పోయి చాలా కాలమైంది. అమ్మ ఈనాటికీ టీకొట్టు మేకను తిడుతుంది, అక్కా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా వింటాం. ఫోను ఎత్తగానే "ఏటి మేకా, ఏటి సేత్తన్నావ్?" అంటుంది అక్క. అసూయ పోయిందా అని అడక్కండి. పోలేదు, నా స్వభావం అది. ఎవరి ఇల్లు చూసో, ఎవరి పిల్లల మార్కులు చూసో మధ్యాహ్నం వాలిపోతూనే ఉంటాను. సాయంత్రం దాకా ఆగుతాను. సాయంత్రానికి కూడా లేవకపోతే కత్తెర వైపు పోకుండా, అక్కకు ఫోను చేస్తాను.

అప్పుడప్పుడూ అద్దం ముందు నిలబడి జడ వేసుకుంటుంటే మెడ వెనక ఆ వేళ్ళు తగిలినట్టుంటుంది. నేనేం చేశానో ఏడాది పొడుగునా తెలిసిన వేళ్ళు అవి. నా జుట్టంతా వాటి గుప్పిట్లో ఉంది ఆ పొద్దున. ఒక్క వెంట్రుకైనా లాగలేదు.